సూదుల వీధి సర్వసభ్య సమావేశం

లిస్బన్ దిగువ పేటలో సభ ఆరింటికని కాగితంలో ఉంటే మర్యాదస్థులు ఆరున్నరకు వెళతారు. ఇది బద్ధకం కాదు, నిబంధనే. పిలిచిన వేళకు సభ్యుల్లో సగానికి మించి రాకపోతే అరగంట ఆగి, వచ్చినవాళ్ళు ఎంతమందైతే అంతమందితో సభ జరుపుకోవచ్చు. ఇక ముందుగా పోయి ఖాళీ కుర్చీల మొహం చూసే ఖర్మ ఎవరికి? సూదుల వీధి వర్తక సంఘంలో ఫెలిజ్మీనా ముప్ఫై ఒక్కేళ్ళుగా సభ్యురాలు. ఒక్క సభకైనా మొదటి వేళకు పోయిన పాపాన పోలేదు. ఆ వేళకు మెట్లెక్కేది గది ఊడ్చే మనిషి మాత్రమే.

ఫెలిజ్మీనాది రబ్బరు ముద్రల కొట్టు. సంఘం సొంత ఇంట్లో, వీధిలోకి తెరుచుకునే కింది గదిలో, తండ్రి హయాం నుంచీ ఉంది. సభలు జరిగే గది పై అంతస్తులో. ఆమెకు అరవై మూడేళ్ళు. ఒంట్లో ఏ రోగమూ లేదు, ఎవరి మీదా మంచి అభిప్రాయమూ లేదు.

ఆమె చెప్పే చరిత్ర ప్రకారం ఈ పేటకు మంచిరోజులు భూకంపంతో వచ్చి బ్యాంకులతో పోయాయి. ఊరు కూలి, కూలగా మిగిలింది కాలి బూడిదయ్యాక, రాజుగారి మంత్రి నది ఒడ్డు నుంచి ఎగువ చౌకు దాకా తిన్నటి గీతలు గీయించాడు. బంగారం పనివాళ్ళకు ఒక వీధి, వెండి పనివాళ్ళకు ఒకటి, చెప్పులు కుట్టేవాళ్ళకు ఒకటి. సూదులూ దారాలూ అమ్మేవాళ్ళ మొహాన ఈ ఇరుకు వీధి కొట్టారు. నేలంతా నది బురద కాబట్టి పైన్ దుంగలు దిగ్గొట్టి వాటి మీద ఇళ్ళు లేపారు. ఆ దుంగలు ఇప్పటికీ కింద నీళ్ళలో నానుతూ బరువు మోస్తున్నాయి. వాటికున్న బుద్ధి పైనున్నవాళ్ళకు లేదని ఆమె అంటూ ఉంటుంది. తర్వాత నది చౌకు చుట్టూ మంత్రిత్వ శాఖలు వచ్చాయి. వీధుల్లోకి బ్యాంకులు, బీమా కంపెనీలు, నోటరీలు దిగారు. వాళ్ళందరికీ ముద్రలు కావాలి. 'అందినది', 'ఆమోదించడమైనది', 'తిరస్కరించడమైనది'. మూడోదే తొందరగా అరిగిపోయేదని, ఒక్కో ఆఫీసు ఏడాదికి రెండు చేయించుకునేదని తండ్రి చెప్పేవాడు.

ఇప్పుడు బ్యాంకులు కొత్త రోడ్ల మీది అద్దాల మేడలకు ఎత్తేశాయి. నోటరీలు వాటి వెనకే పోయారు. మిగిలింది హోటళ్ళు, చక్రాల పెట్టెలు రాళ్ళ బాట మీద గడగడమని లాక్కుంటూ పోయే జనం, తాము పుట్టిన సంవత్సరం అచ్చేసిన సార్డీన్ చేపల డబ్బా కొనుక్కుని మురిసిపోయే జనం. చేప డబ్బా మీద పుట్టినరోజు చూసుకునేవాళ్ళ గురించి ఫెలిజ్మీనా అనే మాటలు ఇక్కడ రాయలేము.

ఇక సంఘం అధ్యక్షుడు డాక్టర్ ఎవరిష్తు. నాడి పట్టుకునే డాక్టరు కాదు. లిస్బన్‌లో కాలేజీ చదువు పూర్తిచేసిన ప్రతివాడూ డాక్టరే. ఒకప్పుడు ఆయన ఒక పారిష్‌కు, అంటే అక్కడి వార్డుకు, అధ్యక్షుడు. ఆ పారిష్ అంటే ఒక చర్చి, ఒక మెట్లదారి, నాలుగు వందల మంది ఓటర్లు. వారిలో సగం మంది మంచం దిగలేనివాళ్ళు. పేటలో అలాంటి పారిష్‌లు డజను దాకా ఉండేవి. వాటన్నిటినీ కలిపి ఒకటే చేసేసరికి ఒక్కరు తప్ప అధ్యక్షులందరికీ కుర్చీలు పోయాయి. మిగతావాళ్ళు బుద్ధిగా పేకాటకు పోయారు. ఈయన మాత్రం ఫెలిజ్మీనా కొట్టుకు వచ్చి 'మాజీ అధ్యక్షుడు' అని ముద్ర చేయించుకున్నాడు, కోలగా, చుట్టూ ఆకుల అంచుతో. రెండేళ్ళకు వర్తక సంఘం అధ్యక్షుడై, 'మాజీ' తీసేయించుకోవడానికి మళ్ళీ వచ్చాడు. ఏదో ఒకదానికి అధ్యక్షత వహించకపోతే ఆయనకు అన్నం సహించదు.

మార్చి మొదటి సోమవారం నోటీసు వచ్చింది. సభ రెండు వారాలు దాటాక, గురువారం. ఎజెండాలో ఒకటే అంశం: 'సంఘ భవనాన్ని హోటల్ కంపెనీకి విక్రయించుట ద్వారా దిగువ పేట వారసత్వ పరిరక్షణ.' ఫెలిజ్మీనా దాన్ని రెండుసార్లు చదివి, కొట్టుకు తాళం వేసి, వీధి మూల కాఫీ కొట్టుకు నడిచింది. ఆ వేళకు డాక్టరు అక్కడే కౌంటరు దగ్గర నిలబడి కాఫీ తాగుతూ ఉంటాడు.

"ఇల్లమ్మేసి వారసత్వం కాపాడ్డమేంటండీ డాక్టరుగారూ? నా మట్టిబుర్రకు కాస్త అర్థమయ్యేలా చెప్పండి."

"ముందు గోడ అలాగే ఉంచుతారమ్మా. పెంకులూ, కిటికీలూ అన్నీ. లోపల మాత్రమే మారుస్తారు."

"ఓహో. మాంసం తినేసి ఈకలు దాచిపెడతారన్నమాట."

డాక్టరు పెదాలు తుడుచుకున్నాడు. "ఆవేశపడకండి ఫెలిజ్మీనాగారూ. ఊరవతల మీకో గది చూపిస్తామని కంపెనీవాళ్ళు మాటిచ్చారు. అయినా ఇంకా ఎన్నాళ్ళండీ ఈ రబ్బరు ముద్రలు? అంతా ఫోన్లలోకి వచ్చేసింది."

"మీరున్నారుగా వాడ్డానికి. త్వరలో మీకు మళ్ళీ 'మాజీ' కావాల్సొస్తుంది."

కౌంటరు వెనక మనిషి నవ్వాపుకుంటూ, కింద పడని చెంచా కోసం వంగాడు. డాక్టరు కప్పు పక్కన పెట్టాడు.

"సభ ఉందిగా. అక్కడే తేల్చుకుందాం."

"తేలుస్తాలెండి. ఇల్లు అమ్మాలంటే వచ్చిన నలుగురిలో ముగ్గురు ఊఁ అనాలి. నిబంధనలు మీ ఒక్కరికే వచ్చనుకున్నారా?"

గొంతు పెంచి మాట్లాడిందే గాని, కొట్టుకు తిరిగొచ్చి తాళం తీసి దీపం వేయకుండానే కూర్చుంది. ఊరవతల గదిలో ముద్రలు ఎవరికి చేయాలి? అసలు సంగతి అది కూడా కాదు. ఇంట్లో ఆమెకు పలకరించే మనిషి లేదు. పొద్దున షట్టరు ఎత్తితేనే ఆమెకు తిట్టడానికో నవ్వడానికో ఎవరైనా దొరుకుతారు. ఈ కొట్టు పోతే తాను గోడకు ముఖం పెట్టి చావాల్సిందేనని ఆమెకు తెలుసు. భయమేసింది. భయమేస్తే ఆమెకు కోపం వస్తుంది. కోపం వస్తే పని చేస్తుంది.

మర్నాటి నుంచే వీధి మీద పడింది. తోడు జెర్మాను. ఎదురు కొట్టులో గొడుగులు బాగుచేసే ముసలాయన, ఫెలిజ్మీనా తిట్లకు నలభై ఏళ్ళుగా అలవాటుపడ్డవాడు. సంఘంలో ముప్ఫై తొమ్మిది మంది సభ్యులు. హోటల్ కంపెనీ ఇప్పటికే కొన్ని కొట్లు కొని మేనేజర్లను పెట్టింది, వాళ్ళు డాక్టరు మనుషులు. ఇంకొందరు ఎవరు ఎటు లాగితే అటు ఒరిగేవాళ్ళు. వాళ్ళంతా అమ్మకానికి సరేనన్నా ఫరవాలేదు. తన వైపు పదిమందిని మెట్లెక్కిస్తే చాలు, నలుగురిలో ముగ్గురన్న లెక్క డాక్టరుకు కుదరదు.

టోపీల కొట్టు ముసలాయన మంచివాడే, కానీ చెప్పింది రేపటికి మరిచిపోతాడు, అందుకని అతని క్యాలెండరు మీద ఆమే రాసింది. కాఫీ గింజలు వేయించే అన్నదమ్ములు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, ఇద్దరికీ విడివిడిగా చెప్పాల్సి వచ్చింది. లాటరీ టిక్కెట్ల ఆవిడ డాక్టరుగారు ఎంత పెద్దమనిషో అని మొదలుపెట్టింది.

"పెద్దమనిషా? నాలుగొందల మందికి రాజ్యం చేసి అదీ నిలబెట్టుకోలేకపోయాడు. ఆయన మాట విన్నావంటే నువ్వూ నీ టిక్కెట్లూ వంతెన కిందకు చేరతారు. గురువారం ఆరున్నరకు, గుర్తుందా?"

"గుర్తుంది తల్లీ, గుర్తుంది. మొదటి వేళకెవరొస్తారు గనక."

అందరికీ అదే చెప్పింది, ఆరున్నరకు. వీధి చివర మొజమ్మిల్ కొట్టు వచ్చింది. అతను బంగ్లాదేశ్ నుంచి వచ్చి ఏడేళ్ళయింది. ఫ్రిజ్ తలుపుకు అంటించే అయస్కాంతం బొమ్మలు, మట్టి కోడి బొమ్మలు, కార్క్ బెరడుతో చేసిన సంచులు అమ్ముతాడు. జెర్మాను గుమ్మం దగ్గర ఆగాడు.

"ఇతనికీ ఓ మాట చెబుదామా?"

"ఎవరికి, ఈ అయస్కాంతాల బాబుకా?"

"సభ్యుడేగా. నిరుడు చేరాడు."

"చేరితే? ఇలాంటి కొట్లు రాబట్టేగా పేట ఇలా సంతలా తయారైంది. సభంటే ఏంటో తెలుసా అతనికి? వచ్చి ఏం ఉద్ధరిస్తాడు? నడు, నడు. వానొచ్చేలా ఉంది."

ఆమె తాత కూడా కొండల్లోని పల్లె నుంచి నెత్తిన గంపతో దిగి, మూడేళ్ళు ఇదే వీధిలో గుమ్మాల ముందు కూర్చుని గుండీలు అమ్మినవాడే. ఆ సంగతి ఫెలిజ్మీనాకు ఎప్పుడూ అవసరానికి గుర్తొచ్చేది కాదు.

సభకు ముందురోజు మొజమ్మిల్ తనే ఆమె కొట్టుకు వచ్చాడు. చేతిలో నోటీసు, నాలుగు మడతలు పెట్టి జాగ్రత్తగా పట్టుకున్నాడు. ఆమె చిన్న పట్టకారుతో ముద్ర అక్షరాలు పేర్చుతోంది. తల ఎత్తలేదు.

"అమ్మా, ఒక్క మాట. ఇందులో ఆరింటికని ఉంది. కింద మళ్ళీ ఆరున్నర అని ఉంది. రెండిట్లో ఏది?"

"చదవడం రాదా?"

"చదివానమ్మా. అందుకే అడుగుతున్నా."

"పైన ఏముంది?"

"ఆరు."

"మరి ఆరంటే ఆరే. మీ దేశంలో ఆరుకింకేమైనా లెక్కుందా?"

"లేదమ్మా. ఆరే." ఇంకేదో చెప్పాలనుకున్నట్టున్నాడు. ఆమె అక్షరాల మీదకు ఇంకాస్త వంగింది. అతను ధన్యవాదాలు చెప్పి, తలుపుకున్న గంట గట్టిగా మోగకుండా పట్టుకుని మూసి వెళ్ళిపోయాడు.

ఫెలిజ్మీనా అప్పుడు తల ఎత్తి నవ్వుకుంది. అరగంట సేపు ఒక్కడూ ఖాళీ కుర్చీల మధ్య బిక్కమొహం వేసుకుని కూర్చుంటే ఈ ఊరి పద్ధతి తెలిసొస్తుందనుకుంది. సాయంత్రం జెర్మానుకు చెబితే అతను నవ్వలేదు. గొడుగు పుల్లలు తప్ప నవ్వులాటలు అతనికి తెలియవనుకుని ఊరుకుంది.

గురువారం సాయంత్రం కాఫీ కొట్టు ఆమె మనుషులతో నిండింది. పదమూడు మంది. పది అనుకుంటే పదమూడు వచ్చారు, టోపీల ముసలాయన కూడా వచ్చాడు, ఎక్కడికి వచ్చాడో ఒకసారి అడిగి తెలుసుకున్నాడు. అన్నదమ్ములిద్దరూ చెరో చివర నిలబడ్డారు. చెర్రీ సారా చిన్న గ్లాసుల్లో తిరిగింది. ఫెలిజ్మీనా బుగ్గలు ఎర్రబడ్డాయి. చాలాకాలం తర్వాత ఆమెకు జనం మీద కాస్త ప్రేమ పుట్టింది. వీళ్ళు వెధవలే, కానీ నా వెధవలు అనిపించింది.

జెర్మాను కిటికీలోంచి చూశాడు. "పైన దీపాలన్నీ వేసున్నాయే."

"ఊడ్చేది అయ్యుంటుంది. ఆవిడకు కరెంటు పొదుపంటే ఏం తెలుసు? తాగు."

ఆరూ ఇరవై అయిదుకు లేచారు. సన్నగా వాన పడుతోంది. మెట్లు సగం ఎక్కేసరికి పై నుంచి కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత హోటల్ మేనేజర్లు, బిగుతు ప్యాంట్ల కుర్రకుంకలు, నవ్వుకుంటూ ఎదురు దిగారు. వాళ్ళలో ఒకడు పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

"సభకా అండీ? అయిపోయిందిగా."

ఫెలిజ్మీనా అతన్ని తోసుకుని పైకి వెళ్ళింది. డాక్టర్ ఎవరిష్తు బల్ల వెనక నిలబడి కోటు వేసుకుంటున్నాడు. కార్యదర్శి ఒదేత్ మినిట్స్ పుస్తకం మూస్తోంది.

"అయిపోవడమేంటి? ఇంకా ఆరున్నర కాలేదు."

"ఆరింటికి పిలిచామండీ," అన్నాడు డాక్టరు. "నోటీసులో ఉంది. కోరం సరిపోయింది, ఇరవై మంది. పందొమ్మిది మంది అమ్మకానికి సరేనన్నారు, ఒకరు వద్దన్నారు. తీర్మానం నెగ్గింది."

"ఆరింటికి ఇరవై మందా? ఈ వీధిలోనా? ఎవరి చెవిలో పువ్వులు పెడుతున్నారు?"

"అధికార పత్రాలున్నాయమ్మా. చూసుకోండి." పత్రాల కట్ట బల్ల మీద పెట్టాడు. ఊళ్ళో లేనివాళ్ళు, రాలేనివాళ్ళు తమ బదులు ఓటు వేయమని రాసిచ్చినవి. నిబంధనల ప్రకారం అవీ హాజరు కిందే లెక్క. పదిహేను రోజులుగా ఆమె వీధిలో తిరుగుతుంటే, ఆయన ఇళ్ళ చుట్టూ తిరిగాడు. ఫెలిజ్మీనా ఆయన్ని ఇన్నాళ్ళూ దద్దమ్మ అనుకుంది. దద్దమ్మే, కానీ ఆరింటికి వచ్చిన దద్దమ్మ.

ఒదేత్ నోరు ఊరుకోదు. పుస్తకం సంచిలో పెట్టుకుంటూ అంది: "నిజానికి పందొమ్మిదే అయ్యాయండీ. చేతితొడుగుల కొట్టావిడ ఇస్తానన్న పత్రం రాలేదు. డాక్టరుగారికి ముచ్చెమటలు పోశాయి. ఇక అరగంట ఆగాల్సిందే అనుకుంటుంటే, ఆరు దాటి నాలుగు నిమిషాలకు తలుపు తెరుచుకుంది."

"ఎవరొచ్చారు?"

ముందు వరస కుర్చీలోంచి మొజమ్మిల్ లేచాడు. ఇస్త్రీ చొక్కా, టై కట్టుకున్నాడు. ఆమెను చూడగానే అతని ముఖం వికసించింది.

"వచ్చారా అమ్మా. మీ కోసమే చూస్తున్నా. నేను వద్దనే చెయ్యెత్తాను. ఒక్కడినే. మీరెవరూ కనబడలేదు."

మొజమ్మిల్ తను లేచిన కుర్చీ వైపు చెయ్యి చూపించాడు.

"నేను లోపలికి రాగానే అందరూ లేచి నిలబడ్డారమ్మా. డాక్టరుగారు స్వయంగా వచ్చి, చెయ్యి పట్టుకుని, ఇదిగో ఈ ముందు వరసలో కూర్చోబెట్టారు. ఏడేళ్ళలో ఈ పేటలో నాకెవరూ కుర్చీ చూపించలేదు. అయినా వద్దనే అన్నాను. నేను మారిన మూడు కొట్లూ ఇలా ఇల్లు అమ్మేస్తేనే మారాను. అది ఎలా ఉంటుందో నాకు తెలుసు. నిన్న మీకు అదే చెబుదామనుకున్నా."

ఆమె వెనక పదమూడు మంది గదిలోకి వచ్చి తలుపు దగ్గర గుంపుగా నిలబడ్డారు. వాళ్ళకు లెక్క అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఇతను రాకపోతే పందొమ్మిదే. పందొమ్మిదితో సభ లేదు. అరగంట ఆగేవారు. ఆగితే వీళ్ళు పదమూడు మందీ వద్దని చేతులెత్తి అమ్మకాన్ని మట్టి కరిపించేవారు. ఇల్లు నిలిచేది. అమ్మకం వద్దని చెప్పడానికి టై కట్టుకుని వచ్చినవాడి వల్లే అమ్మకం జరిగింది.

డాక్టరు గొడుగు తీసుకుని, గోడ పక్కగా, ఎవరి కళ్ళలోకీ చూడకుండా జారుకున్నాడు. గెలిచినప్పుడు కూడా ఆయన దొంగలాగే నడిచాడు.

అన్నదమ్ముల్లో పెద్దవాడు ముందుగా నోరు విప్పాడు. "అంటే ఇతగాడు ఆరింటికి రాబట్టే మన కొంప మునిగిందన్నమాట."

"ఊరి పద్ధతి తెలీనివాళ్ళను సంఘంలో చేర్చుకుంటే ఇలాగే ఉంటుంది," అంది లాటరీ ఆవిడ.

"ఏమయ్యా, ఈ వేళప్పుడు రమ్మని నీకెవరు చెప్పారు? అరగంట ఆగి వచ్చుంటే నీ సొమ్మేం పోయేది?" అన్నాడు వెనక నుంచి ఇంకొకాయన.

మొజమ్మిల్ ఒకరి తర్వాత ఒకరి ముఖాలు చూశాడు. ఏదో తప్పు జరిగిందని, అది తనదేనని అతనికి అర్థమవుతోంది. అతని చూపు ఫెలిజ్మీనా మీద ఆగింది, ఒక్క క్షణమే. తర్వాత జేబులోంచి నోటీసు తీసి మడతలు విప్పాడు.

"కాగితంలో ఉందండీ," అన్నాడు. "కాగితం చూసి వచ్చాను."

ఆమె పేరు ఎత్తలేదు.

ఫెలిజ్మీనా ఊరుకుంటే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. జెర్మానుకు తెలుసు, కానీ జెర్మాను నలభై ఏళ్ళలో ఆమె గురించి ఎవరి దగ్గరా నోరు జారలేదు. అందరూ కలిసి ఇతన్ని ఇంకో నాలుగు తిట్లు తిట్టి, కిందకు దిగి, తలో చిన్న గ్లాసు తాగి, ఆమె మీద జాలిపడేవారు. ఆ జాలి కావాలని ఆమెకు ప్రాణం కొట్టుకుంది. ఇక ముందు దొరికేది అదొక్కటే.

"నేనే చెప్పాను," అంది.

లాటరీ ఆవిడ అర్థంకానట్టు చూసింది. "ఏం చెప్పావ్?"

"నిన్న కొట్టుకొచ్చి అడిగాడు, రెండిట్లో ఏదని. ఆరంటే ఆరే పొమ్మన్నాను."

"మాకందరికీ ఆరున్నరని చెప్పి, అతనికి ఆరని చెప్పావా?"

"చెప్పాను."

"ఎందుకమ్మా?" టోపీల ముసలాయన నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

అబద్ధం ఆడటానికి కావలసిన ఓపిక ఆమెకు లేకపోయింది. "వాడొస్తే ఎంత, రాకపోతే ఎంత అనుకున్నాను," అంది. మొజమ్మిల్ రెండడుగుల దూరంలో నిలబడి ఉండగానే అంది.

ఎవరూ తిట్టలేదు. తిడితే తిరిగి తిట్టేది, అందులో ఆమెను మించినవాళ్ళు లేరు. వాళ్ళు ఆమెను ఒకసారి పైనుంచి కిందకు చూశారు, ఆమె ఇన్నేళ్ళూ చక్రాల పెట్టెల వాళ్ళను చూసినట్టు, ఆ తర్వాత ఒక్కొక్కరే గుమ్మం దాటారు. కాఫీ గింజల అన్నదమ్ములు మెట్ల మీద ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం వినిపించింది. జెర్మాను అందరి వెనకా దిగి వెళ్ళిపోయాడు.

మొజమ్మిల్ నోటీసు మళ్ళీ నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"నీ గురించి నేనలా అనుకున్నానని..." అని ఫెలిజ్మీనా మొదలుపెట్టింది.

"తెలుసమ్మా," అన్నాడతను. "కొట్టుకు వచ్చినప్పుడే తెలుసు."

గొంతులో కోపం లేదు. ఉండుంటే ఆమెకు కాస్త బాగుండేది. అతను తను కూర్చున్న కుర్చీని మడిచి మిగతావాటి పక్కన గోడకు ఆనించాడు. పొద్దుపోయేలోగా ఇంకో గంటైనా బేరాలుంటాయని చెప్పి, ఆమెను ముందు దిగమని తప్పుకుని నిలబడ్డాడు. ఆమె కదలకపోవడంతో తనే మెట్లు దిగి వెళ్ళిపోయాడు.